ఇరవై రెండు అక్షరాలకు ఒక కొక్కెం

1993లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్ అనే శాస్త్రవేత్తల బృందాలు వేర్వేరుగా ఒకే విషయం పట్టుకున్నాయి. మిల్లీమీటరు పొడవుండే ఒక పురుగులో లిన్-4 అనే జన్యువు ప్రొటీన్ ఏదీ తయారు చేయదు. దాన్నుంచి పుట్టేది సుమారు 22 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ ముక్క మాత్రమే. అది వెళ్లి మరో జన్యువు పనిని అణచిపెడుతుంది. ఆ పురుగుకే చెందిన వింత అనుకుని చాలామంది వదిలేశారు. 2000లో రవ్‌కున్ బృందం లెట్-7 అనే మరో ముక్కను కనుగొని, అది మనిషిలోనూ ఉందని చూపించాక గానీ సంగతి తెలిసిరాలేదు. 2024లో ఆ ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

ఊపిరితిత్తుల క్యాన్సర్ ఈ కథలోకి తొందరగానే వచ్చింది. కణితిలో లెట్-7 బాగా తగ్గిపోయిన రోగులు ఆపరేషన్ తర్వాత తక్కువ కాలం బతుకుతున్నారని 2004లో జపాన్ పరిశోధకులు గమనించారు. క్యాన్సర్‌ను ఎగదోసే రాస్ జన్యువును లెట్-7 అదుపులో ఉంచుతుందని మరుసటి ఏడాది తేలింది.

అయితే ఇంత చిన్నదాన్ని కొలిచేదెలా? డీఎన్‌ఏ నకళ్లు తీసే పీసీఆర్ యంత్రానికి పని మొదలుపెట్టడానికి రెండు వైపులా రెండు ప్రైమర్లు, అంటే నకలు ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న ముక్కలు, కావాలి. ఒక్కో ప్రైమరే దాదాపు 20 అక్షరాలుంటుంది. మైక్రో ఆర్‌ఎన్‌ఏ అని పిలిచే ఈ ముక్క మొత్తం పొడవే అంత! రెండో ప్రైమర్‌కు చోటేదీ?

కాలిఫోర్నియాలో అప్లైడ్ బయోసిస్టమ్స్ సంస్థకు చెందిన త్సైఫు చెన్ బృందం 2005లో చెప్పిన ఉపాయం నాకు ఈ కథలోకెల్లా ఇష్టమైన ఘట్టం. వాళ్లు ప్రైమర్‌నే కొక్కెంలా వంచారు. తనలో తాను మడుచుకున్న ఆ ప్రైమర్ చివర ఆరక్షరాలు మాత్రం బయటికి ఉంటాయి. అవి మైక్రో ఆర్‌ఎన్‌ఏ తోకను పట్టుకుంటాయి. అక్కణ్ణుంచి ఎంజైమ్ డీఎన్‌ఏ నకలు రాస్తుంది. కొక్కెం పొడవు కూడా కలిసిన ఆ నకలులో ఇప్పుడు రెండు ప్రైమర్లకూ చోటుంది. వంపు వల్ల ఇంకో లాభం: పూర్తిగా తయారైన ముక్కనే పట్టుకుంటుంది, దాని పొడవాటి పూర్వరూపాన్ని పెద్దగా పట్టించుకోదు. లెట్-7 కుటుంబంలో ఒక్క అక్షరం తేడా ఉన్న సభ్యులను కూడా విడదీయగలిగారు.

2008లో ఆ కొలత కణితి దాటి రక్తంలోకి వచ్చింది. సియాటిల్‌లో మునీశ్ తివారీ బృందం ప్లాస్మాను 24 గంటలు మామూలు గది వేడిలో ఉంచి చూసింది, ఎనిమిది సార్లు గడ్డకట్టించి కరిగించింది. మైక్రో ఆర్‌ఎన్‌ఏలు దాదాపు చెక్కుచెదరలేదు. రక్తంలో అవి ప్రొటీన్లను అంటిపెట్టుకునో, సూక్ష్మమైన కొవ్వు తిత్తుల్లోనో ఉంటాయి కాబట్టి ఎంజైములు వాటిని ముక్కలు చేయలేవు.

ఆశలు పెరిగాయి. నాలుగేళ్లకు అదే బృందం హెచ్చరించింది: క్యాన్సర్ సూచికలుగా ప్రకటించిన 79 మైక్రో ఆర్‌ఎన్‌ఏలలో 46 రక్తకణాల్లోనే దండిగా ఉంటాయి. సూది గుచ్చేటప్పుడో గొట్టం కుదిపినప్పుడో ఎర్ర కణాలు పగిలితే చాలు, అంకెలు మారిపోతాయి. కొక్కెం తప్పు చేయలేదు, దానికి అందిన రక్తమే కల్తీ అయింది. రక్తం తీసే టెక్నీషియన్ చేతిని ఈ పరీక్షలో సగభాగంగా చూడాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఈ జాగ్రత్తలతో ముందుకు వెళ్లినవారిలో మిలాన్ జాతీయ క్యాన్సర్ సంస్థ ముఖ్యమైనది. అక్కడ గాబ్రియెల్లా సొజ్జీ బృందం 24 మైక్రో ఆర్‌ఎన్‌ఏల పరస్పర నిష్పత్తులను లెక్కగట్టింది. ఎర్ర కణాలు పగిలిన నమూనాలను పక్కన పెట్టింది. 2014లో 939 మందిపై వెలువడిన ఫలితమిది: తక్కువ మోతాదు సీటీ స్కాన్ ఒక్కటే చేస్తే, క్యాన్సర్ లేకున్నా అనుమానం చూపించిన కేసులు 19.4 శాతం. రక్తపరీక్ష జతచేస్తే 3.7 శాతం. ఆ తేడా అంటే ఎంతమందికి అనవసరపు సూదులు, బయాప్సీలు, నిద్రలేని రాత్రులు తప్పుతాయో ఆలోచించండి. స్కాన్‌కు బదులుగా కాకుండా స్కాన్ పక్కన నిలబడటమే ఈ పరీక్షకు తగిన చోటు.

మిలాన్‌లో పరీక్షించినది ఏళ్ల తరబడి పొగ తాగినవారిని. మన దేశంలో క్షయ నయమయ్యాక ఊపిరితిత్తుల్లో మచ్చలు మిగిలినవారు లెక్కలేనంతమంది. ఆ మచ్చ స్కాన్‌లో కణితిలా కనిపించవచ్చు, కణితినే క్షయగా పొరబడి నెలల తరబడి క్షయ మందులు వాడించవచ్చు. కాబట్టి మన దగ్గర ఈ పరీక్షకు హద్దులు గీసేటప్పుడు, పోల్చి చూసే ఆరోగ్యవంతుల నమూనాల పక్కనే క్షయ నుంచి కోలుకున్నవారి రక్తం, ఎన్నడూ పొగ తాగనివారి రక్తం కూడా ఉండాలి.