నా టపా కూడలి చేరిన రోజు

2008లో మా జల్‌పల్లి చెరువు మీద వాలే పిట్టల గురించి బ్లాగు మొదలుపెట్టాను. ఇంట్లో కంప్యూటరు లేదు. చాంద్రాయణగుట్టలో ఒక నెట్ సెంటరుకు వెళ్లేవాణ్ణి. అక్కడ లేఖిని అనే సైటులో ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగై వచ్చేది. రెండు నెలల్లో ఎనిమిది టపాలు రాశాను. ఒక్క వ్యాఖ్య లేదు.

నెట్ సెంటరు కుర్రాడు అడిగాడు: "సార్, కూడలికి మీ ఫీడు ఇచ్చారా?"

కూడలి అంటే అప్పటి తెలుగు బ్లాగుల సంకలిని. లేఖినిని తయారుచేసిన వీవెనే దీన్నీ నిర్మించారు. ఆ రోజుల్లో జల్లెడ, హారం, మాలిక కూడా ఇలాంటివే ఉండేవి. ఎవరు కొత్తగా ఏం రాసినా ఆ శీర్షికలన్నీ కూడలిలో ఒకేచోట కనబడేవి. తెలుగు చదివేవాళ్లకు అదే రచ్చబండ.

ఫీడు అంటే మన బ్లాగు వేసే చాటింపు. టపా పేరు, తేదీ, రాసిన విషయం అందులో యంత్రం చదవగలిగే పద్ధతిలో ఉంటాయి. సంకలిని ఆ చిరునామాకు పదేపదే వచ్చి, కొత్తది ఉంటే తీసుకెళ్తుంది. మనం ఒక్కసారి చిరునామా ఇస్తే చాలు.

బ్లాగర్‌లోనైతే బ్లాగు చిరునామా చివర ఫీడ్స్, పోస్ట్స్, డిఫాల్ట్ అనే మూడు మాటలు వాలుగీతలతో చేర్చాలి. నేను కాగితం మీద రాసుకున్నదాంట్లో ఒక గీత తప్పింది. తెరిచి చూస్తే ఏమీ రాలేదు. సరిచేశాకే పంపాను. మీరూ ముందు తెరిచి చూసుకోండి.

కూడలిలో నా టపా కనిపించింది కానీ, దాని పేరు "టపా-9". అన్ని శీర్షికల మధ్య దాన్నెవరు నొక్కుతారు? తరువాతిదానికి "చెరువుకు ఈ ఏడు కొంగలు ముందే వచ్చాయి" అని పెట్టాను. మర్నాడే ఎక్కడో పరాయి దేశం నుంచి వ్యాఖ్య: "మా అమ్మమ్మ వాళ్లది పహాడీషరీఫ్ పక్కనే. ఆ గట్టు కళ్లకు కట్టింది." ఆ రెండు వాక్యాలూ నాచేత ఏళ్లపాటు రాయించాయి.

ఫీడులన్నీ ఒకేచోట చదువుకునే గూగుల్ రీడర్ 2013 జూలై 1న మూతపడింది. ఫీడు మాత్రం పోలేదు. ఫీడ్లీ లాంటి రీడర్లు ఇప్పటికీ దానితోనే నడుస్తున్నాయి. పాడ్‌కాస్టులకూ ఆధారం ఆర్ఎస్ఎస్ అనే రకం ఫీడే. మీ టపాలు గూగుల్‌లో వెతికేవాళ్లకు దొరికేందుకు గూగుల్ సెర్చ్ కన్సోల్‌లోనూ మీ ఫీడు ఇవ్వవచ్చు. చదివేవాళ్లు లేని వంద జాబితాల్లో చేరడం కంటే, తెలుగు పాఠకులు వచ్చే ఒక్కచోట చేరడం మేలు.

మీ ఊరి చెరువు గురించి మీరు రాసింది ఉంటే దాచుకోకండి. ఈరోజే దాని ఫీడు నలుగురికీ ఇవ్వండి.