బాలనాగమ్మ నాటకమున వాత్సల్యఘట్టము

మాయలకథ యనగానే విద్వాంసులు మొగము ద్రిప్పికొనుట వాడుక. మంత్రదండము, రాళ్లైన సేనలు, ఏడుసముద్రముల కవతలి చిలుక, ఇవి పామరుల విస్మయమునకే చాలునని వారి తలంపు. కాని బాలనాగమ్మకథను పాటలతో రంగమున నాడునప్పుడు ప్రేక్షకుల కన్నులు చెమర్చుచోటు మాయలు కనబడుచోటు కాదు. ఆ చోటేదియో, అట్లేల యగునో విచారింపదగియున్నది.

కలికిరి, వాయల్పాడు ప్రాంతము 1911లో చిత్తూరుజిల్లా యేర్పడువఱకు కడపజిల్లాలోనిది. ఆ కడపజిల్లా సురభిగ్రామముననే 1885లో వనారసవారు కీచకవధ నాడి, పిమ్మట సురభినాటకసమాజముగా ప్రసిద్ధికెక్కిరి. అంతకుముందు వారి వృత్తి తోలుబొమ్మలాట. కలికిరికి దక్షిణముననున్న పుంగనూరు, కుప్పము సీమలలో భారతోత్సవములందు పగలు హరికథ, రాత్రి వీధినాటకము నడచుట పరిపాటి. కావున పాటతో కథ నడపుట ఈ సీమవారికి క్రొత్తగాదు. బాలనాగమ్మకథ బుఱ్ఱకథగా ఊరూర తిరిగినది. సురభివారి ప్రదర్శనములలో పేరొందినది. 1942లో జెమినీవారి చలనచిత్రమునైనది.

మాయలఫకీరు భిక్షకుడై వచ్చి, పసివాని నెడబాపి, బాలనాగమ్మను కుక్కగా మార్చి నాగళ్లపూడిగట్టునకు గొనిపోవును. విడిపింపబోయిన భర్త కార్యవర్ధిరాజు రాయియగును. ఆమె వ్రతము నెపమున ఫకీరును దూరముంచి యేండ్లు గడపును. పెరిగిన బాలవర్ధిరాజు తంబళిపెద్ది యింట మనుమడై చేరి, ఆ నెపమున కోట జొచ్చి తల్లిని గలిసికొనును. పాఠభేదము లెన్నియున్నను ఈ వరుస మాఱదు.

ఈ సమాగమమే నాటకమునకు జీవము. తల్లి యెఱిగినది తొట్టిలోని శిశువును. కొడుకో, తల్లిమొగ మెఱుగనే యెఱుగడు. ఇరువురకును కన్నులు సాక్ష్యము పలుకవు. శాకుంతలమున దుష్యంతుడు కుమారుని గుర్తించుటకు చక్రవర్తిలక్షణములును రక్షాకరండకమును తోడ్పడినవి. ఇచట గుఱుతు కథయే. ఎవడో పూలవాడనుకొన్న బాలుడు తన పుట్టుపూర్వోత్తరములు చెప్పుకొనుచుండ, తన చరిత్రమునే పరునినోట వినుచున్నట్లు తల్లి వినవలెను. దీనిని వచనమున నడపినచో “నీ కొడుకను నేనే” యని యొక్క యూపిరిలో ముగియును. పాటయైనచో పల్లవి మఱల మఱల వచ్చును. వచ్చినప్పుడెల్ల తల్లి సందేహము కొంత సడలును, ఆశ కొంత పెరుగును. తీగలు, తెరలు, దీపముల చమత్కారములకు అప్పుడు పనిలేదు. హార్మోనియమును గర్హించు పండితులుసైత మిచట నూరకుందురు. సురభివంటి కుటుంబసమాజమున తల్లీకొడుకుల పాత్రలు నిజముగా తల్లీకొడుకులకే రావచ్చును; ఆ సంగతి యెఱిగిన ప్రేక్షకునకు పాట మఱింత దగ్గఱయగును.

పుత్రవిషయకమైన రతి భావమేకాని రసము కాదని మమ్మటుని మతము. విశ్వనాథుడు వత్సలమును రసముగా నంగీకరించెను. ఈ ఘట్టము రెండవవాని పక్షము. నిర్వహణమున నద్భుత ముండవలెనని భరతుడు చెప్పినది చిలుక మెడ నులుముటతో సిద్ధించుచున్నది, నిజమే. కాని తల్లీకొడుకుల గుర్తింపు ముందు జరుగకున్నచో ఆ చిలుక చావు గారడీయే యగును. ఫకీరు ప్రాణము దేనియందున్నదో వానిని మెల్లగా నడిగి తెలిసికొనునదికూడ తల్లియే. కొడుకునకు దారి చూపినది ఆమె తెలివి.

ఫకీరు చచ్చి రాళ్లు మనుష్యులైనపిమ్మట తండ్రికొడుకుల కలయికయు గలదు. దానికి అంతటి పాట యక్కఱలేదు. రాయియై పడియున్నన్ని యేండ్లును కార్యవర్ధికి ఎడబాటు తెలియలేదు. బాలనాగమ్మకు ప్రతిదినమును తెలిసినది.