అరుదైన టమాటా విత్తనం: వెతకడమెలా? నిలుపుకోవడమెలా?

నేడు మన బజార్లలో కనిపించే టమాటాలు చాలా వరకు ఒకే పోలికలో ఉంటున్నాయి. తోలు గట్టిగా ఉంటుంది, రంగు ఒకటే, లారీలో ఎంత దూరం వెళ్ళినా చెక్కుచెదరవు. అయితే పప్పుకూ పచ్చడికీ నాటు టమాటా ఇచ్చిన పులుపు వీటిలో లేదని ఇంటి పెద్దలు అంటుంటే మేము వింటూనే ఉన్నాం. ఆ రుచిని వెతుక్కుంటూ పెరట్లోనో, డాబా మీదనో అరుదైన రకాలు పెంచాలని ఉత్సాహపడే కుటుంబాలు పెరుగుతున్నాయి. ఈ ఉత్సాహం మంచిదే. కానీ విత్తనం సంపాదించడం ఒక ఎత్తు, దానిని పోగొట్టకుండా నిలుపుకోవడం మరొక ఎత్తు.

టమాటా పుట్టిల్లు దక్షిణ అమెరికా పశ్చిమ ప్రాంతం. 1962లో హ్యూ ఇల్టిస్, డాన్ యూజెంట్ అనే వృక్షశాస్త్రజ్ఞులు అడవి బంగాళాదుంపలను వెతుకుతూ పెరూ పర్వతాల్లో తిరిగారు. అక్కడ వారికి ఎందుకూ కొరగానట్టు కనిపించే ఒక చిన్న అడవి టమాటా మొక్క ఎదురైంది. వారు దానికి 832 అనే సంఖ్య వేసి, దొరికిన చోటు రాసుకుని, విత్తనాలను కాలిఫోర్నియాలోని టమాటా శాస్త్రజ్ఞుడు చార్లెస్ రిక్‌కు పంపారు. ఆయన దానిని సాగు టమాటాతో సంకరపరచి, పండులో చక్కెరను పెంచే గుణం అందులో ఉన్నదని చూపారు. 1976లో అది ఒక కొత్త జాతిగా పేరు పొందింది. ఆ సంఖ్య, ఆ చోటు రాసి ఉండకపోతే అది గుర్తింపు లేని పిడికెడు గింజలుగానే మిగిలేది.

ఇళ్ళలో నిలిచిన రకాల సంగతీ ఇంతే. 1990లో అమెరికాలో క్రెయిగ్ లెహులియర్ అనే విత్తన సేకర్తకు టెనెసీ రాష్ట్రం నుండి పేరు లేని కొన్ని గింజలు తపాలాలో వచ్చాయి. అవి చెరోకీ తెగవారి నుండి వచ్చినవని పంపినవారు రాశారు. పండు ఊదా ఛాయలో ఉండటంతో ఆయన దానికి ‘చెరోకీ పర్పుల్’ అని పేరు పెట్టి నలుగురికీ పంచారు. నేడు దానిని ఎన్నో దేశాల్లో పెంచుతున్నారు.

మరి మనం ఎక్కడ వెతకాలి? ముందుగా దగ్గరలోనే. కోస్తాలో కొందరు పెద్దలు టమాటాను నేటికీ ‘రామములగ’ అంటారు. అటువంటి పెద్దలనూ, వారపు సంతలో తమ పెరటి కాయలను కొద్దికొద్దిగా తెచ్చి అమ్మే అవ్వలనూ అడగండి. ఆ విత్తనం ఎన్నేళ్ళుగా దాస్తున్నారో, ఎవరి నుండి వచ్చిందో తెలుసుకుని రాసుకోండి. హైబ్రిడ్ కాయ గింజలు నాటితే తల్లి పోలిక రాదు కనుక హైబ్రిడ్ అవునో కాదో తప్పక విచారించండి. బెంగుళూరు ఉద్యాన పరిశోధనా సంస్థ ఇచ్చిన ‘అర్కా వికాస్’ వంటివి హైబ్రిడ్లు కావు. వాటి గింజలు దాచుకోవచ్చు.

చలి దేశాల పెద్దకాయ రకాలు మన వేసవికి తట్టుకోవు. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రులు కూడా చల్లబడకపోతే పూత రాలిపోతుంది. ఆగస్టు, సెప్టెంబరులలో నారు పోస్తే శీతాకాలానికి కాయలు అందుతాయి.

ఒక హెచ్చరిక. గల్ఫ్‌లో ఉన్న కొడుకుతోనో అల్లుడితోనో సూట్‌కేసులో విత్తనాలు తెప్పించుకోకండి. 2015లో జోర్డాన్ తోటల్లో గుర్తించిన ఒక టమాటా వైరస్ గింజల ద్వారా, చేతుల ద్వారా, పనిముట్ల ద్వారా వ్యాపిస్తుంది. అది అనేక దేశాలకు పాకింది. దిగుమతి అనుమతి, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా విత్తనాలు తేవడం మన దేశ నిబంధనలకు విరుద్ధం కూడా. మన సరదా పొరుగు రైతు పంటను ముంచకూడదు కదా!

విత్తనం దాచడం కష్టమేమీ కాదు. తెగులు సోకని మొక్కపై బాగా పండిన కాయను ఎంచుకోండి. గింజలను గుజ్జుతో సహా గాజు గ్లాసులో కొద్ది నీటితో రెండు మూడు రోజులు ఉంచండి. గింజను అంటుకున్న జిగురు పొర పులిసి విడిపోతుంది. తరువాత కడిగి, పళ్ళెంలో పలుచగా పరచి నీడన ఆరబెట్టండి. కాగితపు పొట్లంలో కట్టి, పొట్లం మీద రకం పేరు, ఇచ్చినవారి పేరు, ఊరు, సంవత్సరం రాసి, మూత బిగువైన సీసాలో పెట్టండి. పొడిగా, చల్లగా ఉంటే నాలుగేళ్ళ వరకు మొలకెత్తుతాయి.

దాచిన గింజల్లో సగం మరో రెండు ఇళ్ళకు ఇవ్వండి. ఒక పెరట్లో తెగులు వచ్చినా మరో పెరట్లో రకం బతికి ఉంటుంది. రైతు తన పంట విత్తనాన్ని దాచుకునే, పంచుకునే హక్కును 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ చట్టం గుర్తించింది. ఎవరో పెద్దావిడ ఏళ్ళ తరబడి కాపాడి మన చేతిలో పెట్టిన గింజ అమానతు వంటిది. ఈ శీతాకాలం కనీసం ఒక్క నాటు రకాన్నైనా వెతికి, ఆమె పేరుతో సహా పొట్లం కట్టి, పిల్లల చేత పొరుగింటికి పంపండి.