తెలుగు పరిశోధనలకు ఓపెన్ యాక్సెస్ భాండాగారం: సాఫ్ట్‌వేర్ ఎంపిక - హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల నేపథ్యం

వ్యాస సంగ్రహం:

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలకు సంబంధించిన పరిశోధనలను ఎవరైనా ఉచితంగా చదువుకొనేలా భద్రపరచడానికి ఏ సాఫ్ట్‌వేర్ అనువైనదో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం. డీస్పేస్, ఈప్రింట్స్, ఇన్వీనియో ఆర్‌డీఎమ్‌ల స్వరూపాన్ని, నిర్వహణ భారాన్ని పోల్చి, తెలుగు పాఠం శోధనకు అందడమే ఎంపికకు తొలి గీటురాయి కావాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ఓపెన్ యాక్సెస్, డిజిటల్ భాండాగారం, డీస్పేస్, యూనికోడ్, మెటాడేటా, శోధ్‌గంగ.

1. ఉపోద్ఘాతం:

లేపాక్షి వీరభద్రాలయ కుడ్యచిత్రాలు, 1565 నాటి తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగర రాజధాని అయిన పెనుకొండ, ధర్మవరం పట్టు మగ్గాలు - ఇవన్నీ చరిత్ర, సాహిత్య, సామాజిక శాస్త్ర పరిశోధనలకు విలువైన వస్తువులు. యుజిసి 2009 నిబంధనల అనంతరం సిద్ధాంత గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతులకు ఒక నిలయం ఏర్పడింది. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నిర్వహిస్తున్న శోధ్‌గంగ వాటిని అందరికీ అందుబాటులో ఉంచుతోంది. అయితే అది ప్రధానంగా పిహెచ్.డి. గ్రంథాల భాండాగారం. పాత ఎం.ఫిల్. లఘు సిద్ధాంత గ్రంథాలు, సదస్సు పత్రాలు, మైనర్ రీసెర్చ్ ప్రాజెక్టుల నివేదికలు, విద్యార్థుల క్షేత్రపర్యటన నివేదికలు చాలావరకు కళాశాలల బీరువాలకే పరిమితమవుతున్నాయి. నేత కార్మికుల నుండి సేకరించిన వృత్తిపదాల పట్టిక ఒకటి అలా మరుగున పడితే, తరువాతి పరిశోధకులు ఆ పనిని మళ్ళీ మొదటి నుండి చేయవలసి వస్తుంది. అప్పటికి ఆ పదాలు తెలిసిన తరం ఉండకపోవచ్చు.

2. భాండాగారం - లక్షణాలు:

కళాశాల వెబ్‌సైటులో పిడిఎఫ్‌లను ఉంచినంత మాత్రాన అది భాండాగారం కాదు. దానికి మూడు లక్షణాలు ఉండాలి. మొదటిది, ప్రతి రచనకూ కర్త, శీర్షిక, విషయం, తేదీ వంటి వివరాల వ్యవస్థ, అంటే మెటాడేటా. డబ్లిన్ కోర్ ప్రమాణంలో ఇందుకు 15 మూలాంశాలు ఉన్నాయి. రెండవది, వెబ్‌సైటు చిరునామా మారినా చెడని శాశ్వత గుర్తింపు. హ్యాండిల్, డిఓఐ ఇటువంటివి. మూడవది, ఇతర వ్యవస్థలు ఈ వివరాలను సేకరించుకొనే సౌకర్యం. ఓఏఐ-పిఎంహెచ్ అనే ప్రమాణం ఈ పని చేస్తుంది. దాని ఆధారంగా చిన్న కళాశాలలోని రచన సైతం పెద్ద శోధనా వ్యవస్థల్లో కనిపించగలదు.

3. ప్రధాన సాఫ్ట్‌వేర్లు:

ఈప్రింట్స్: ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో 2000లో రూపొందింది. పెర్ల్ భాషలో రాసిన ఈ సాఫ్ట్‌వేర్ మైఎస్‌క్యూఎల్, అపాచీలతో నడుస్తుంది. హిందూపురానికి సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని బెంగళూరులో, భారతీయ విజ్ఞాన సంస్థ 2002లో దీనితోనే తన భాండాగారాన్ని ప్రారంభించింది. వనరులు తక్కువగా ఉన్నచోట ఇది అనుకూలం.

డీస్పేస్: అమెరికాలోని ఎంఐటి, హెచ్‌పి ప్రయోగశాలలు కలిసి 2002లో విడుదల చేశాయి. శోధ్‌గంగకు ఆధారం ఇదే. సంస్థలను, వాటిలోని విభాగాలను, సంకలనాలను అంచెలంచెలుగా అమర్చుకొనే వీలు ఇందులో ఉంది. 2021లో వచ్చిన 7వ రూపం నుండి పాఠకుడు చూసే భాగం, సమాచారాన్ని నిర్వహించే భాగం వేరయ్యాయి. జావా, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, సోలర్, నోడ్ అన్నింటినీ నిర్వహించగల సిబ్బంది అవసరం కనుక దీని నిర్వహణ భారం ఎక్కువ.

ఇన్వీనియో ఆర్‌డీఎమ్: ఐరోపా అణు పరిశోధనా సంస్థ సెర్న్ ఆధ్వర్యంలో పైథాన్ భాషలో రూపొందింది. సెర్న్ 2013లో ప్రారంభించిన జెనోడో నేడు దీనిపైనే నడుస్తోంది. సొంత సర్వరు లేని పరిశోధకులు కూడా జెనోడోలో తమ రచనలను ఉచితంగా భద్రపరచి డిఓఐ పొందవచ్చు.

ఈ మూడూ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లే. వాటికి లైసెన్సు రుసుము లేకపోయినా సర్వరుకు, భద్రతా సవరణలకు, బ్యాకప్‌లకు, సిబ్బంది శిక్షణకు ఏటా వ్యయం తప్పదు.

4. తెలుగు పాఠం - శోధన సమస్యలు:

మొదటి సమస్య ఫాంటు. యూనికోడ్‌కు ముందు తరానికి చెందిన అను వంటి ఫాంట్లలో టైపు చేసిన గ్రంథం తెరపై తెలుగుగానే కనిపిస్తుంది. కంప్యూటరు మాత్రం దానిని రోమన్ అక్షరాల, గుర్తుల వరుసగా చదువుతుంది. ఏ సాఫ్ట్‌వేర్ వాడినా అందులో తెలుగు పదం దొరకదు. కాబట్టి అటువంటి గ్రంథాలను యూనికోడ్‌లోకి మార్చాలి, లేదా టెసరాక్ట్ వంటి ఓసిఆర్ సాధనంతో పాఠాన్ని వెలికితీసి సరిదిద్దాలి.

రెండవది విభక్తి ప్రత్యయాలు. 'పెనుకొండ' అని వెతికితే 'పెనుకొండలోని', 'పెనుకొండకు' అనే రూపాలు పూర్తి పద శోధనకు అందవు. సోలర్‌కు మూలమైన లూసీన్ 9వ రూపంలో తెలుగు పద విశ్లేషణ సాధనం చేరింది. భాండాగారంలో దానిని ప్రత్యేకంగా అమర్చుకోవాలి.

మూడవది పేర్ల సందిగ్ధత. పెనుకొండను 'పెనుగొండ' అనీ రాస్తారు. పశ్చిమ గోదావరి జిల్లాలో పెనుగొండ అనే మరొక పట్టణం ఉంది. 'ధర్మవరం' అని వెతికితే పట్టణం, పట్టుచీరలు, నాటకకర్త ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853-1912) కలగలిసి వస్తారు. ఈ మూడు పట్టణాలు 2022 ఏప్రిల్ 4న అనంతపురం జిల్లా నుండి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి. అంతకు పూర్వపు రచనల్లో జిల్లా పేరు అనంతపురమే. అందువల్ల స్థలనామాలకు ఒక ప్రామాణిక రూపాన్ని నిర్ణయించి, పర్యాయ రూపాలను, పాత జిల్లా పేరును దానికి జతచేయాలి. ఈ పని సాఫ్ట్‌వేర్ తనంతట తాను చేయదు. స్థానిక చరిత్ర తెలిసిన అధ్యాపకులే చేయాలి.

5. ప్రతిపాదన:

మూడు పట్టణాల కళాశాలలు విడివిడిగా సర్వర్లు నడపడం కంటే, విశ్వవిద్యాలయ స్థాయిలో ఒకే డీస్పేస్ భాండాగారాన్ని ఏర్పరచి, అందులో ఒక్కొక్క కళాశాలకు ఒక్కొక్క విభాగం కేటాయించడం మేలు. సాంకేతిక భారం ఒకచోట ఉంటుంది, రచనల ఎంపిక, మెటాడేటా కళాశాలల చేతిలో ఉంటాయి. అది సాధ్యమయ్యే వరకు జెనోడోలో ఉమ్మడి సముదాయాన్ని ప్రారంభించవచ్చు. యూనికోడ్‌లో, డబ్లిన్ కోర్ క్రమంలో సిద్ధం చేసుకున్న మెటాడేటాను తరువాత డీస్పేస్‌లోకి తరలించడం కష్టం కాదు.

రచయిత లిఖితపూర్వక అనుమతి, క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఎంపిక ముందే పూర్తికావాలి. నేత కార్మికుల ఇంటర్వ్యూలలో వ్యక్తిగత వివరాలు, అప్పుల ప్రస్తావనలు ఉన్నప్పుడు వారి సమ్మతి లేకుండా పూర్తి పాఠాన్ని బహిరంగపరచరాదు. అటువంటి రచనలకు మెటాడేటాను మాత్రమే చూపి, పాఠాన్ని పరిమితంగా ఉంచే వెసులుబాటు మూడు సాఫ్ట్‌వేర్లలోనూ ఉంది.

6. ముగింపు:

సాఫ్ట్‌వేర్లు మారుతుంటాయి. నేడు ఎంచుకున్నదానిని పదేళ్ళ తరువాత విడిచిపెట్టవలసి రావచ్చు. అప్పుడు మిగిలేవి యూనికోడ్ పాఠం, నిర్దుష్టమైన మెటాడేటా, శాశ్వత గుర్తింపులు మాత్రమే. సర్వరు కోసం వేచి ఉండకుండా ప్రతి తెలుగు శాఖ తన బీరువాలోని నివేదికల పట్టికను యూనికోడ్‌లో తయారుచేయడం ఈ కార్యక్రమానికి తొలి మెట్టు.