ఊళ్లో దేవకాంచనం... మన్యంలో అడ్డాకు

పాఠశాలల ఆవరణల్లో, పార్కుల్లో, రహదారుల పక్కన గులాబీ రంగు పూలతో నిండుగా కనిపించే దేవకాంచనం చెట్టును చూడనివారు ఉండరు. పెళ్లి పంక్తిలో వేసే అడ్డాకు విస్తరికీ ఈ చెట్టుకూ దగ్గరి చుట్టరికం ఉన్నదని ఎరిగినవారు మాత్రం కొద్దిమందే. ఒకటి పట్టణాలకు అందం తెచ్చిపెట్టేది, మరొకటి శ్రీకాకుళం నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా వరకు విస్తరించిన మన్యంలో గిరిజన కుటుంబాలకు నాలుగు రూపాయలు తెచ్చిపెట్టేది. రెండింటి ఆకులూ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. నడిమి ఈనె వద్ద చీలి, రెండు ఆకులను పక్కపక్కన అతికించినట్టు కనిపించే ఆ ఆకారమే ఈ కుటుంబానికి గుర్తు.

వృక్షశాస్త్రంలో ఈ ప్రజాతి పేరు బౌహీనియా. చిక్కుడు, కంది, చింతలతో పాటు ఇదీ కాయధాన్యపు కుటుంబానికే చెందుతుంది. 16వ శతాబ్దంలో పుట్టిన స్విట్జర్లాండు సోదరులు జాన్ బౌహిన్, గాస్పర్ బౌహిన్ ఇద్దరూ వృక్షశాస్త్రవేత్తలే. తమ్ముడు గాస్పర్ 1623లో ప్రచురించిన గ్రంథం అప్పటివరకు తెలిసిన వేలాది మొక్కల పేర్లను ఒకచోటికి చేర్చింది. ఒకే కాడకు అంటుకుని ఉన్న జంట ఆకును చూసి ఆ అన్నదమ్ముల పేరును దీనికి స్థిరపరచినవాడు లిన్నేయస్. మనవారు ఈ పోలికను అంతకు ఎన్నో శతాబ్దాల ముందే గుర్తించారు. అమరకోశం ఈ చెట్టుకు చెప్పిన పర్యాయపదాల్లో యుగపత్రకం ఒకటి. యుగమంటే జంట, పత్రమంటే ఆకు. రెండు దేశాల పండితులు ఒకరినొకరు ఎరుగకుండానే ఒకే ఆకును చూసి ఒకే మాట అన్నారు.

రెండు జెండాలపై

అమరకోశంలో ఆ పర్యాయపదాలకు మూలమైన పేరు కోవిదారం. వాల్మీకి రామాయణంలో భరతుడు సేనతో చిత్రకూటానికి వస్తున్నప్పుడు లక్ష్మణుడు చెట్టెక్కి చూసి, రథంపై ఎగురుతున్న కోవిదార ధ్వజాన్ని బట్టి వచ్చేది అయోధ్య సైన్యమేనని గుర్తిస్తాడు. 2025 నవంబర్ 25న అయోధ్య రామమందిర శిఖరంపై ఎగురవేసిన పతాకంలో సూర్యుడు, ఓంకారాలతో పాటు ఈ వృక్షం బొమ్మకూ చోటు దక్కింది. దాంతో కోవిదారమంటే ఏ చెట్టు అన్న ప్రశ్న మళ్లీ చర్చకు వచ్చింది.

ఆయుర్వేద గ్రంథాలు కాంచనారం, కోవిదారం అని రెండింటిని చెబుతాయి. రెండూ బౌహీనియాలే అన్నది పండితుల స్థూలాభిప్రాయం. ఏది ఏదన్న దగ్గరే భేదాలు. ఇక్కడ కాళిదాసు మనకు కొంత సాయం చేస్తాడు. ఋతుసంహారంలో ఆయన కోవిదారాన్ని శరదృతు వర్ణనలో నిలిపాడు. శరత్తులో పూసేది ఊదా గులాబీ రంగు దేవకాంచనం. రెండో రకం వసంతంలో పూస్తుంది. కవి కాలాన్ని తప్పుగా చెప్పడు అనుకుంటే కోవిదారం శరత్తులో పూసేదే కావాలి. ఇది పూత కాలాన్ని బట్టి చేసిన ఊహ మాత్రమే. తుది తీర్పు కాదు.

ఈ ప్రజాతి పువ్వు ఎక్కిన మరో జెండా హాంకాంగ్‌ది. 1997లో బ్రిటిష్ పాలన ముగిసినప్పటి నుంచి ఎర్రటి గుడ్డపై అయిదు రేకుల తెల్లని బౌహీనియా పువ్వు అక్కడి పతాకంగా ఉంది. ఆ చెట్టు కథ విచిత్రమైనది. 1880 ప్రాంతంలో హాంకాంగ్ ద్వీపపు సముద్రతీరాన ఒక ఫ్రెంచి మత ప్రచారకుని కంట పడిందది. 1908లో దీన్ని శాస్త్రీయంగా వర్ణించి, మాజీ గవర్నర్ హెన్రీ బ్లేక్ పేరిట బ్లేకియానా అని నామకరణం చేశారు. ఇది కాయ కాయదు, విత్తనం ఇవ్వదు. మన వీధుల్లో కనిపించే రెండు దేవకాంచనాలకు సహజంగా పుట్టిన సంకరమని 2005లో వెలువడిన జన్యు పరిశోధన నిర్ధారించింది. గొడ్డు చెట్టు కావడంతో అంటు కట్టో, కొమ్మ నాటో పెంచవలసిందే. ఈనాడు ప్రపంచంలో ఉన్న బ్లేకియానా చెట్లన్నీ నాటి ఆ ఒక్క చెట్టు కొమ్మల వారసులే. తెగులు ఒకదానికి సోకితే అన్నింటికీ ముప్పే అన్నమాట. ఈ మొక్క మన నర్సరీలకూ వచ్చింది. నిండు ఎరుపు కలిసిన ఊదా రంగులో పెద్ద పూలు పూసి, ఏడాది పొడవునా ఒక్క కాయా కనిపించకపోతే అది బ్లేకియానా కావచ్చు.

ఏది ఏదో తెలుసుకోవడం ఎలా?

నర్సరీలో దేవకాంచనం కావాలంటే ఏదో ఒకటి చేతిలో పెడతారు. నాటిన మూడు నాలుగేళ్లకు గానీ అసలు సంగతి బయటపడదు. పూత ఉన్న చెట్టు వద్ద అయితే తేడా తెలుసుకోవడం తేలిక. వర్షాలు వెనకబట్టాక సెప్టెంబర్ నుంచి డిసెంబర్ మధ్య, ఆకులు నిండుగా ఉండగానే పూసేది బౌహీనియా పర్‌ప్యూరియా. దీని రేకులు సన్నగా, ఒకదానికొకటి ఎడంగా ఉంటాయి. పుప్పొడి మోసే కేసరాలు సాధారణంగా మూడు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు, ఆకు రాల్చి దాదాపు మోడుగా నిలిచి ఒళ్లంతా పూసేది బౌహీనియా వేరిగేటా. దీని రేకులు వెడల్పుగా ఒకదానిపై ఒకటి ఒరిగి ఉంటాయి. కేసరాలు సాధారణంగా అయిదు. ఒక రేకు మాత్రం తక్కినవాటి కంటే ముదురు రంగు చారలతో ఉంటుంది. తేనెటీగకు అది దారి చూపే గుర్తు. ఇందులోనే తెల్లపూల రకమూ ఉంది.

ఇళ్ల పెరళ్లకు సరిపడేవి వేరే ఉన్నాయి. రెండు మూడు మీటర్లకు మించని పొదగా పెరిగి తెల్లని పూలు పూసేది అక్యుమినేటా. పసుపు పచ్చని గంటలు వేలాడదీసినట్టు పూసి, లోపల ముదురు మచ్చతో ఉండేది టొమెంటోసా. దీని పువ్వు వాడేకొద్దీ ఎరుపు తిరుగుతుంది. ఇక పొడి అడవుల్లో వంకర మానుతో, వాలిన కొమ్మలతో పెరిగే ఆరె చెట్టు బౌహీనియా రెసిమోసా. పువ్వు చిన్నది, అందానికి పనికిరాదని నర్సరీలు పట్టించుకోవు. కానీ దీని ఆకును బీడీలు చుట్టడానికి వాడేవారు, నారతో తాళ్లు పేనేవారు. మహారాష్ట్రలో దసరా నాడు బంగారమని ఒకరికొకరు ఇచ్చుకునేది ఈ ఆకునే. మనం జమ్మి ఆకు ఇచ్చుకున్నట్టు.

టప్పున పేలే కాయ

ఎండాకాలం మధ్యాహ్నం దేవకాంచనం కింద నిలబడితే టప్పుమన్న శబ్దం వినిపిస్తుంది. జానెడు పొడవుండే బల్లపరుపు కాయ ఎండి, రెండు చెక్కలుగా విడిపోయి, ఒక్కసారిగా మెలి తిరిగి గింజలను దూరంగా విసురుతుంది. చెక్క ఎందుకు మెలి తిరుగుతుందన్నది జెరూసలెంలోని హిబ్రూ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో వివరించారు. కాయ పెంకులో నార రెండు పొరలుగా ఉంటుంది. ఒక పొర నారకు రెండో పొర నార అడ్డంగా ఉంటుంది. ఎండినప్పుడు ఒక్కో పొర ఒక్కో దిక్కుకు కుంచించుకుపోతుంది. ఆ పెనుగులాటలో చదునుగా ఉన్న చెక్క మరమేకులా చుట్టుకుపోతుంది. నేలపై పడి ఉన్న రెండు చెక్కలను ఏరి చూస్తే ఒకటి కుడికి, ఒకటి ఎడమకు తిరిగి ఉండడం పిల్లలకు చూపించదగిన వింత. సాయంత్రం కాగానే ఆకు నడిమి ఈనె వెంట పుస్తకంలా ముడుచుకోవడం మరొకటి.

కూరకు సరే, మందుకు జాగ్రత్త

ఉత్తరాదిన కచ్నార్ మొగ్గలతో కూర వండుతారు, పచ్చడి పెడతారు. ఒడిశా, జార్ఖండ్ గిరిజన ప్రాంతాల్లో లేత ఆకు సంతల్లో అమ్ముడుపోయే ఆకుకూర. మన పట్టణాల్లో ఈ అలవాటు లేదు. రోడ్డు పక్క పొగ పట్టిన చెట్ల మొగ్గలతో ఇప్పుడు మొదలుపెట్టకపోవడమే మేలు.

వైద్యం విషయం వేరు. కాంచనార బెరడు ప్రధానంగా చేసే కాంచనార గుగ్గులును ఆయుర్వేదంలో గండమాల వంటి గ్రంథివాపులకు వాడతారు. ఇటీవల దీనిని థైరాయిడ్ మందుగా ప్రచారం చేస్తూ, వైద్యులు రాసిన మాత్రలు మానేసి బెరడు కషాయం తాగమని సలహాలు ఇవ్వడం ఎక్కువైంది. థైరాయిడ్ తక్కువగా ఉన్నవారికీ ఎక్కువగా ఉన్నవారికీ చికిత్స ఒకటి కాదు. రక్తపరీక్ష లేకుండా, వైద్యునికి చెప్పకుండా మాత్రలు ఆపితే నష్టపోయేది రోగే. గర్భిణుల విషయంలో తల్లికీ బిడ్డకూ ముప్పు. పైగా బెరడు కోసం మాను చుట్టూ చెక్కితే చెట్టు నిలువునా ఎండుతుంది.

ఎక్కడ నాటాలి?

విత్తనాలను ఒక రాత్రి నానబెట్టి సంచుల్లో వేస్తే సులువుగా మొలుస్తాయి. నీరు నిలిచే నేల పనికిరాదు, పూర్తి ఎండ కావాలి. అసలు చిక్కు చోటు ఎంపికలో ఉంది. పెద్ద దేవకాంచనాలు పది మీటర్ల వరకు ఎదుగుతాయి. వాటిని విద్యుత్ తీగల కింద నాటి, తీగలకు తగులుతున్నాయని ఏటా నడినెత్తిన నరకడం మన పట్టణాల్లో మామూలైంది. శరత్తులో పూసే రకం కొమ్మల చివర్లనే పూస్తుంది. వర్షాకాలం చివర నరికితే ఆ ఏడు పూత పోయినట్టే. తీగల కింద అక్యుమినేటా గానీ టొమెంటోసా గానీ నాటితే ఈ గొడవే ఉండదు. వేరిగేటా కొమ్మలు పెళుసు. తుపాను గాలులకు విరుగుతాయి కనుక కోస్తాలో వాహనాలు నిలిపే చోట దీనిని పెట్టకపోవడం మంచిది. కొమ్మలు కత్తిరించవలసి వస్తే పూత ముగిశాకే కత్తిరించాలి.

మన్యపు తీగ

ఈ కుటుంబంలో అందరికంటే పెద్దది అడ్డ తీగ. చాలాకాలం దీనిని బౌహీనియా వాహ్లి అనేవారు. జన్యు పరిశోధనల అనంతరం తీగజాతులను విడదీయడంతో ఇప్పుడు ఫనేరా వాహ్లి అంటున్నారు. పేరు మారినా చుట్టరికం పోలేదు. మానంత లావైన తీగ చెట్ల మీదుగా పాకి శిఖరాలకు చేరుతుంది. అడుగుకు పైగా వెడల్పుండే ఆకు దీని ప్రత్యేకత. తీగ భారానికి చెట్లు వంగిపోతాయని, కలప చెడిపోతుందని అటవీ సిబ్బంది దీనిని శత్రువుగా చూసి నరికించిన సందర్భాలు దేశమంతటా ఉన్నాయి. కలప లెక్కలో అది నిజమే. అదే తీగ నారతో తాళ్లు పేనుకుని, గింజలు వేయించుకు తిని, ఆకు అమ్ముకునే కుటుంబం లెక్క వేరు.

ఆకు సేకరణ ఎక్కువగా మహిళల పని. కొండెక్కి కోసిన ఆకును ఆరబెట్టి, కట్టలు కట్టి, సంతకు మోస్తారు. కొందరు ఇంటివద్దే ఈనె పుల్లలతో విస్తళ్లు, దొప్పలు కుడతారు. ఆకును మాత్రమే కోస్తే తీగ మళ్లీ చిగురిస్తుంది. తొందరలో తీగను లాగి తెంపితే మరుసటి ఏడు ఆ చోట ఆకు ఉండదు. 2006 అటవీ హక్కుల చట్టం ఇటువంటి కలపేతర ఉత్పత్తులపై యాజమాన్యాన్ని సంప్రదాయంగా సేకరించుకునే అటవీవాసులకే ఇచ్చింది. ధర నిర్ణయించే బలాన్ని మాత్రం ఏ చట్టమూ దానంతట ఇవ్వలేదు. పచ్చి ఆకు కట్టకు, కుట్టిన విస్తరికి, పట్టణంలో అమ్మే యంత్రపు విస్తరికి మధ్య ధర ఎంత పెరుగుతుందో అందరూ ఎరిగినదే. ఆ పెరిగిన సొమ్ములో ఎక్కువ భాగం కొండ దిగిన తరువాతే పంచబడుతోంది. అచ్చు యంత్రాలు కొండపైనే, సేకరించే మహిళల సంఘాల చేతిలోనే ఉంటే ఈ లెక్క కొంతైనా మారుతుంది.

2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలను దేశమంతటా నిషేధించారు. ఆ ఖాళీలోకి ఆకు విస్తరి రావలసింది. వచ్చినవి ఎక్కువగా లోపల మెరుపు పూత ఉన్న కాగితపు ప్లేట్లు. ఆకు బొమ్మ అచ్చువేసిన కాగితాన్ని విస్తరి పేరుతో అమ్మేవారూ ఉన్నారు. యంత్రంపై అచ్చుపోసిన అసలు అడ్డాకు విస్తళ్లలో కొన్నింటికి ఆకుకూ అట్టకూ నడుమ పలుచని ప్లాస్టిక్ పొర అతికిస్తారు. శుభకార్యానికి కొనేవారు ఒకదానిని అంచువద్ద చించి చూస్తే సరిపోతుంది. చిరిగినచోట పారదర్శకంగా సాగే పొర కనిపిస్తే అది మట్టిలో కలిసేది కాదు. ఈనె పుల్లలతో కుట్టినదైతే చించే అవసరమే లేదు, వెనక్కి తిప్పితే ఆకు ఈనెలు, కుట్టు పుల్లలు తప్ప మరేమీ కనిపించవు.