1526, 2504, 2898: తెలుగు కాలయంత్రం లెక్కలు, లేపాక్షి సాక్ష్యం

తెలుగులో కళ్లు చెదిరే సైన్స్ ఫిక్షన్ సాహస చిత్రం ఏదంటే రెండు పేర్లు వెంటనే వినిపిస్తాయి. 1991 జులై 18న విడుదలైన సింగీతం శ్రీనివాసరావు 'ఆదిత్య 369' ఒకటి. 2024 జూన్ 27న వచ్చిన నాగ్ అశ్విన్ 'కల్కి 2898 ఏడీ' రెండోది. రెండూ భవిష్యత్తును చూపించిన చిత్రాలే. అయినా రెండింటి లెక్కా మన గతంలోంచే మొదలవుతుంది. ఆ గతంలో ఒక ముఖ్యమైన భాగానికి రంగుల్లో రుజువు కావాలంటే హిందూపురం నుంచి సుమారు 15 కిలోమీటర్లు ప్రయాణించి లేపాక్షి చేరుకోవాలి.

465 ఏళ్లు వెనక్కి

హెచ్.జి. వెల్స్ 1895లో రాసిన 'ది టైమ్ మెషీన్' నవలలో ప్రయాణికుడు ఏకంగా 8,02,701వ సంవత్సరానికి వెళ్లిపోతాడు. ఆ నవల స్ఫూర్తితో కథ అల్లుకున్న సింగీతం, యంత్రాన్ని ముందు వెనక్కి తిప్పారు. 1991లో బయల్దేరిన కృష్ణకుమార్, హేమ 1526లో శ్రీకృష్ణదేవరాయల విజయనగరంలో దిగుతారు. కృష్ణకుమార్‌గానూ రాయలుగానూ బాలకృష్ణే నటించారు. తెనాలి రామకృష్ణుడిగా చంద్రమోహన్ కనిపిస్తారు. పి.సి. శ్రీరామ్, వి.ఎస్.ఆర్. స్వామి, కబీర్ లాల్ ముగ్గురూ ఛాయాగ్రాహకులుగా పనిచేశారు. ఖర్చు కోటిన్నర రూపాయల వరకూ అయిందంటారు. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు.

తెర మీద రాయల కొలువు సెట్టు. అసలు కొలువు మనుషులు ఎలాంటి బట్టలు కట్టేవారు, తలకు ఏం పెట్టుకునేవారు?

1530లు: అసలు రంగులు

కృష్ణదేవరాయల పాలన 1509 నుంచి 1529 వరకు. ఆ వెంటనే అచ్యుతదేవరాయల కాలంలో, అంటే 1530లలో, పెనుకొండ సీమలో విజయనగర అధికారులుగా ఉన్న విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు లేపాక్షి వీరభద్రాలయాన్ని కట్టించారు. సినిమాలోని 1526కీ ఈ గుడి బొమ్మలకీ మధ్య దూరం ఇంచుమించు పదేళ్లు. కట్టూబొట్టూ అంతలో మారిపోయేవి కావు.

మంటపంలో నిలబడి తలెత్తి చూడండి. స్తంభాల వరుసల మధ్య కప్పు పొడుగునా పట్టీలు పట్టీలుగా కథలు సాగుతాయి. గిరిజా కల్యాణం, కిరాతార్జునీయం, మనునీతి చోళుడి కథ, శ్రీరామ పట్టాభిషేకం ఒక్కోటీ ఒక ఫిల్ము రీలులా ఘట్టం వెంట ఘట్టంగా కదులుతుంది. ముఖాలన్నీ దాదాపు పక్కకు తిరిగే ఉంటాయి. గీత నల్లనిది. రంగులు కావి, ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ. ఆడవాళ్ల చీరల మీద చారలూ గళ్లూ పూలూ వేరువేరుగా లెక్కపెట్టవచ్చు. కొంగు చివర మొనదేలి బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. వీరభద్రుడి చిత్రమొక్కటే సుమారు 24 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు.

మరో కప్పు మీద విరూపణ్ణ, వీరణ్ణ పరివారంతో సహా దైవాన్ని కొలుస్తూ కనిపిస్తారు. వాళ్ల తలల మీద పొడవాటి కుళ్లాయిలు. తిరుమల గుడిలో కృష్ణదేవరాయల విగ్రహం తల మీద ఉన్నదీ అలాంటిదే. రాయల కాలాన్ని తెరకెక్కించాలనుకునే ఏ కళాదర్శకుడికైనా ఇంతకంటే నమ్మకమైన కొలత దొరకదు.

513 ఏళ్లు ముందుకు

'ఆదిత్య 369'లో యంత్రం తర్వాత 2504కు చేరుతుంది. మూడో ప్రపంచయుద్ధం ముగిసి, అణుధార్మికతకు భయపడి జనం భూగర్భంలో బతుకుతుంటారు. ఈ చిత్రం వచ్చేనాటికి చెర్నోబిల్ ప్రమాదం జరిగి 5 ఏళ్లే. ఆనాటి ప్రపంచ భయాన్ని సింగీతం 2504కు తీసుకెళ్లి చూపించారు.

6,000 లోంచి 3,102 తీసేస్తే

'కల్కి' పేరులోని 2898కీ లెక్క ఉంది. శ్రీకృష్ణుడి అవతారం ముగిసి కలియుగం మొదలైంది క్రీస్తుపూర్వం 3102లో అని సంప్రదాయ గణన. అక్కణ్నుంచి 6,000 ఏళ్ల కథ తమదని దర్శకుడే చెప్పారు. 6,000 లోంచి 3,102 తీసేస్తే మిగిలేది 2,898. ఎండిపోయిన గంగ ఒడ్డున కాశీ, ఆకాశంలో తేలే కాంప్లెక్స్, 6 టన్నుల బరువుతో నిజంగానే తయారుచేసిన 'బుజ్జి' కారు, అన్నిటికీ కలిపి దాదాపు 600 కోట్లు ఖర్చయిందని సినీవర్గాల మాట. కోటిన్నరతో పోలిస్తే 400 రెట్లు. మధ్య కాలంలో రూపాయి విలువ పడిపోయిందన్నది కలుపుకొన్నా పెద్ద తేడానే.

డబ్బూ సాంకేతికతా ఇంత పెరిగాక కూడా మన దర్శకులు పురాణాన్నీ చరిత్రనీ ఆసరా చేసుకునే ముందుకు దూకుతున్నారు. అందులోనే మన సైన్స్ ఫిక్షన్ బలం ఉంది.

ఇప్పుడు చేయాల్సింది

2504 ఎలా ఉంటుందో ఎవరు గీసినా ఊహే. 1526 అలా కాదు, సరిచూసుకోవడానికి మూలం ఉంది. ఆ మూలం లేపాక్షిలో చాలాచోట్ల పెచ్చులూడి, రంగు వెలిసి ఉంది. 2022లో ఈ ఆలయమూ ఏకశిలా నందీ యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. అప్పటి రాయలు పాత్రధారి 2014, 2019, 2024లో వరసగా గెలిచిన హిందూపురం నియోజకవర్గంలోనే ఈ ఊరుంది. 2025 ఏప్రిల్ 4న 'ఆదిత్య 369' ఫిల్మును 4కేలో శుభ్రంచేసి మళ్లీ విడుదల చేశారు. 34 ఏళ్ల ఫిల్ముకు చూపిన శ్రద్ధ దాదాపు 500 ఏళ్ల బొమ్మలకూ దక్కాలి. కప్పులో ప్రతి అడుగునూ అంతే స్పష్టంగా చిత్రీకరించి, విద్యార్థులకూ చేనేతకారులకూ సినిమావాళ్లకూ అందుబాటులో ఉంచాలి. ఖర్చు ఒక పెద్ద చిత్రం బడ్జెట్‌లో వందో వంతు కూడా కాకపోవచ్చు.