జల్లెడ చెప్పని లెక్క

ఇంగ్లండ్ దక్షిణ తీరాన డోర్సెట్ ప్రాంతంలో విచ్ ఫార్మ్ అనే చమురు క్షేత్రం ఉంది. అందులోని చమురు కొంత సముద్రం అడుగున, పూల్ అఖాతం కింద ఉంది. సముద్రంలో ఒక కృత్రిమ దీవి కట్టి దాని మీదనుంచి తవ్వాలన్నది బ్రిటిష్ పెట్రోలియం సంస్థ తొలి ఆలోచన. తర్వాత అది మానుకుని ఒడ్డునే రిగ్గు నిలబెట్టారు. బావిని నేలలోకి దించి, క్రమంగా వంచి, అడ్డంగా సముద్రం కిందికి నడిపించారు. 1998లో అక్కడి ఎం-11 బావి అడ్డంగా 10 కిలోమీటర్లు దాటింది. చమురున్న ఇసుకరాతి పొర లోతు మాత్రం సుమారు 1,600 మీటర్లే. ఇలాంటి బావుల గురించి చెప్పుకునేటప్పుడు రాయిని కోసే బిట్‌ను అంత దూరం గురి తప్పకుండా నడిపించిన నేర్పునే మెచ్చుకుంటారు. మెచ్చుకోదగ్గదే. కానీ కోసిన రాయి వెనక్కి తిరిగి బయటపడకపోతే ఆ నేర్పంతా వృథా. అది బయటపడుతోందా లేదా అన్నది పైనున్నవాళ్లకు నేరుగా కనిపించదు. తెలిసే దారులన్నీ పరోక్షమైనవే. వాటిలో ఏ ఒక్కదాన్నీ ఒంటరిగా నమ్మడానికి లేదనీ, అవి ఒకదానితో ఒకటి పొసగని చోటే బావి తన సంగతి చెబుతుందనీ నా వాదన.

డ్రిల్లింగ్ పైపు లోపలినుంచి పంపులు మడ్‌ను కిందికి తోస్తాయి. మడ్ అంటే ఉత్త మట్టినీళ్లు కావు, బరువూ చిక్కదనమూ లెక్కగా కుదిర్చిన ద్రవం. అది బిట్ రంధ్రాల్లోంచి చిమ్మి, రాతి తునకలను పట్టుకుని, పైపుకీ బావి గోడకీ మధ్యనున్న సందులోంచి పైకొస్తుంది. రిగ్గు మీద ఈ తునకలను కటింగ్స్ అంటారు. షేల్ షేకర్లనే అదిరే జల్లెడలు వాటిని వేరుచేస్తే మడ్ మళ్లీ పంపులకు చేరుతుంది. నిలువు బావిలో ఈ ఏర్పాటుకు పెద్దగా చిక్కులుండవు. తునక పడే వేగం కంటే మడ్ ఎక్కే వేగం ఎక్కువైతే చాలు, అది ఎప్పటికైనా బయటికి రావలసిందే. అడ్డబావిలో బరువు లాగే దిక్కు ఒకటి, ప్రవాహం తోసే దిక్కు మరొకటి. నిలువు బావిలో అడుగు చేరడానికి తునక కిలోమీటర్ల కొద్దీ పడాలి. ఇక్కడ కొన్ని అంగుళాలు పడితే నేల తగులుతుంది. పైపు కూడా తన బరువుకు కింది గోడ మీదే పడుకుంటుంది కాబట్టి, దాని కింద సందు సన్నబడి మడ్ అంతా పైనున్న వెడల్పాటి దారినే పరుగుతీస్తుంది. రాయి కింద, జోరు పైన. కాలువలో నీటి పరుగు మందగించిన చోట ఇసుక మేట వేసినట్టు పైపు చుట్టూ రాతి మేట పెరుగుతుంది.

పూర్తిగా అడ్డంగా ఉన్న భాగం కంటే, నిలువు నుంచి అడ్డానికి తిరిగే వంపు మరీ మొండిది. 30 నుంచి 60 డిగ్రీల దాకా వాలిన ఆ భాగంలో మేట నిలకడగా ఉండదు. పంపులు ఆపిన మరుక్షణం చరియ విరిగినట్టు కిందికి జారి, ఒకచోట గుట్టపడి దారి మూసేయగలదు. దీనికి తోడు, వాలుగా ఉన్న గొట్టంలో తునకలు నిటారు గొట్టంలో కంటే త్వరగా అడుగుకు చేరతాయి. ఈ సంగతి మొదట పట్టుకున్నవాడు చమురు ఇంజనీరు కాదు. బాయ్‌కాట్ అనే బ్రిటిష్ వైద్యుడు, పరీక్ష నాళికను వాల్చి పెడితే రక్తకణాలు వేగంగా పేరుకోవడం గమనించి 1920లో ‘నేచర్’ పత్రికకు రాశాడు. చమురు బావుల వంపుల్లో ఈనాటికీ ఆయన పేరుతోనే ఆ ప్రభావాన్ని లెక్కిస్తున్నారు.

మేట ఎంతైతే ప్రమాదం? 8½ అంగుళాల వ్యాసంతో 1,000 మీటర్లు తవ్వితే దాదాపు 36½ ఘనపు మీటర్ల రాయి తెగుతుంది. బరువులో 90 టన్నులకు పైమాట. అందులో పదోవంతు లోపలే ఉండిపోయిందనుకుందాం. తొమ్మిది వంతులు బయటపడ్డాయంటే బాగానే ఉన్నట్టు తోస్తుంది. కానీ పోగుపడ్డ తునకల మధ్య ఖాళీలుంటాయి. వాటిని నూటికి 40 వంతులని లెక్కవేస్తే ఆ కొద్దిపాటి రాయే 6 ఘనపు మీటర్ల మేట అవుతుంది. 5 అంగుళాల పైపు పోగా మిగిలే సందులో అది నాలుగోవంతును ఆక్రమిస్తుంది, అదీ బావి పొడవునా సమంగా పరుచుకుంటేనే. ఒకచోట గుట్టపడితే చెప్పేదేముంది. కొంత మేట ఎప్పుడూ ఉంటుంది. సందు సన్నబడిన కొద్దీ మడ్ వేగం పెరిగి, మేట పైపొరను కోసుకుపోతూ ఒక స్థాయి దగ్గర నిలిచిపోతుంది. కాబట్టి శుభ్రమైన బావి అంటే రాయే లేని బావి కాదు. పైపుకంటే లావుగా ఉండే బిట్టూ దాని వెనక పనిముట్లూ మేట మీదుగా తట్టుకోకుండా వెనక్కి రాగలిగితే ఆ బావి శుభ్రంగా ఉన్నట్టు. రాలేకపోతే అవి నాగలికర్రులా మేటను ముందుకు దున్నుకుంటూ వచ్చి, తమ దారిని తామే పూడ్చుకుని ఇరుక్కుంటాయి.

అన్నిటికన్నా ముందు చూపు పోయేది షేకర్ మీదికి. జల్లెడ మీద రాయి బాగా వస్తోందంటే సరే. రావడం తగ్గిందంటే అర్థమేమిటి? లోపల రాయి అయిపోయి ఉండవచ్చు, లేదా కదలకుండా పడుకుని ఉండవచ్చు. ఈ రెండింటికీ జల్లెడ ఒకే రూపం చూపిస్తుంది. ఇప్పుడు వస్తున్న రాయి ఇప్పుడు కోసింది కాదు కూడా. నిమిషానికి 1,900 లీటర్ల మడ్ పంపుతుంటే పైన చెప్పిన సందులో దాని వేగం సెకనుకు 1.3 మీటర్లు. 4,000 మీటర్ల దూరం నుంచి మడ్ రావడానికే 50 నిమిషాలు. అడుగున దొర్లుకుంటూ వచ్చే రాయికి ఇంకా ఎక్కువ. అయితే అనుభవమున్న చెయ్యి జల్లెడ మీది తునకలను తీసి చూసి ఒక మాట చెప్పగలదు. అంచులు పదునుగా ఉంటే అవి తాజావి. అరిగి గుండ్రబడి ఉంటే ఎంతోసేపు పైపు కింద నలిగినవి. లెక్కకందని ఈ ఆనవాలు మీద నాకు గౌరవం ఉంది.

చూపు చాలదు, తూచాలి అన్నది తర్వాతి మెట్టు. షేకర్ చివర ఒక పళ్లెం అమర్చి, దానిలో పడ్డ రాయిని తూచి, నిండగానే వంచి, మళ్లీ తూచే సాధనాలున్నాయి. బిట్ ఎంత ముందుకు పోయిందో తెలుసు కాబట్టి ఎంత రాయి రావాలో తెలుస్తుంది. వచ్చిందెంతో తూకం చెబుతుంది. రెండింటి తేడాయే లోపల మిగిలింది. ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటుంది. తునకలకు అంటుకున్న మడ్ కూడా తూకంలో పడుతుంది. సన్నటి పొడి జల్లెడ కన్నాల్లోంచి జారిపోయి మడ్‌లో కలిసిపోతుంది. బావి గోడ విరిగి వ్యాసం 8½ నుంచి 9 అంగుళాలైతే చాలు, రావలసిన రాయి 12 శాతం పెరుగుతుంది. పదోవంతు రాయి మిగిలితేనే ప్రమాదమన్నప్పుడు, కొలతలోనే అంత తప్పు దొర్లే చోట ఈ తూకం దేనికి? అభ్యంతరం నిజమే, ఒకనాటి మొత్తాన్ని పట్టుకుని తీర్పు చెబితే. కానీ అంటిన మడ్, జారిన పొడి వంటి పొరపాట్లు అదే రాతిలో, అదే జల్లెడ మీద గంటగంటకూ పెద్దగా మారవు. బిట్ వేగం మారకుండా తూకం మాత్రం ఉన్నట్టుండి తగ్గిందంటే ఆ తగ్గుదల పళ్లెం తప్పు కాదు. పైపు తిప్పే వేగం పెంచగానే తూకం ఎగబాకితే, ఆ రాయి అప్పటిదాకా అడుగున పడుకుని ఉందన్నమాట. పైపు తిరుగుతూ అడుగు రాయిని లేపి పైన పారే జోరులోకి విసురుతుంది. అడ్డబావిని శుభ్రం చేయడంలో మడ్ చిక్కదనం కంటే ఈ తిప్పుడుదే పెద్ద చెయ్యి. మోటారుతో బిట్‌ను మాత్రమే తిప్పుతూ, పైపును తిప్పకుండా జార్చుకుంటూ పోయే గంటల్లో మేట పెరిగేదీ ఇందుకే.

రెండో సాక్షి, పైపు వేలాడే కొక్కెం మీది బరువు. పైపును పైకి లాగేటప్పుడు, కిందికి దించేటప్పుడు, ఊరికే తిప్పేటప్పుడు బరువు ఎంత చూపాలో బావి ఆకారాన్ని బట్టి ముందే లెక్కగట్టవచ్చు. జొహాన్సిక్ తన సహచరులతో కలిసి 1984లో ప్రచురించిన పద్ధతే దీనికి పునాది. కొలిచిన చుక్కలు లెక్కగీత వెంట నడిచినంత సేపు బాగు, లాగేటప్పటి బరువు గీతనుంచి ఎడంగా జరుగుతుంటే అనుమానం. బావిలో అంచులు పొడుచుకొచ్చినా, పైపు గోడను కోసుకుపోయినా ఇలాగే బిగుస్తుంది కదా అంటారు. కానీ అంచు కదలదు. ప్రతిసారీ అదే లోతులో తగులుతుంది. మేట కదులుతుంది, నిన్న పట్టిన చోట ఈరోజు పట్టకపోవచ్చు.

మూడోది బిట్ వెనకే ఉండే పీడనమాపకం. సందులో రాయి చేరితే మడ్ బరువెక్కుతుంది కాబట్టి పీడనం పెరిగి మేట బయటపడుతుందని సులభంగా అనేస్తారు. మడ్‌లో తేలే రాయికి అది వర్తిస్తుంది. అడుగున పడుకున్న రాయి బరువును గోడ మోస్తుంది, మడ్ కాదు. అందుకే రాయి దిగబడుతున్న కొద్దీ పీడనం కొంతసేపు తగ్గనూ తగ్గవచ్చు. మేట పెరిగి సందును పిసికినప్పుడుగానీ అది లేవదు. ప్రమాదం మొదలయ్యే వేళ ఈ మాపకం ఊరటనిచ్చే అంకె చూపిస్తుంది. తూకం పడిపోతూ, పీడనం నిదానంగా దిగుతూ, లాగుడు బరువు మాత్రం గీతనుంచి జరుగుతుంటే విడివిడిగా ఒక్కటీ గంట కొట్టదు. కలిపి చదివితే సందేహానికి తావుండదు.

ఇంత నిఘా ఎందుకు, పంపులు గట్టిగా తిప్పితే పోదా అనే వాళ్లున్నారు. పోగలిగితే ఎప్పుడో పోయేది. నిలువు బావి లోతుకు పోయిన కొద్దీ రాయి గట్టిపడి ఎక్కువ పీడనాన్ని ఓర్చుకుంటుంది. అడ్డబావి ఎంత దూరం పోయినా అదే లోతులో ఉంటుంది, రాతి ఓర్పు పెరగదు. మడ్ ఒరుసుకుంటూ పారడం వల్ల పుట్టే పీడనం మాత్రం ప్రతి మీటరుకూ పెరుగుతూ పోతుంది. ఒక హద్దు దాటితే రాయి చీలి మడ్ బావిలోంచి పొరల్లోకి పోతుంది. కంప్యూటర్ నమూనాలు మేట ఎత్తును చెప్పలేవా అంటే చెప్పగలవు, తునకల సైజూ బావి అసలు వ్యాసమూ తెలిస్తే. తెలియనివి సరిగ్గా ఆ రెండే. తీగ పొదిగిన పైపులతో బావి పొడవునా పలుచోట్ల పీడనం కొలవడం సాధ్యమైంది కాబట్టి మేట ఉందా అన్నదానితో పాటు ఎక్కడుందన్న ప్రశ్న కూడా కొంతవరకు తేలుతోంది. ఖర్చు వల్ల అవి అన్ని బావులకూ రాలేదు. షేకర్ల మీద కెమెరాలు పెట్టి రాతి రాకను లెక్కించడమూ మొదలైంది గానీ, కెమెరా చూసేది కూడా ఆ జల్లెడనే.

ఈ చదువంతా పనికొచ్చేది తవ్వకం ముగించి పైపు వెనక్కి లాగేటప్పుడు. మడ్‌ను ఒక చుట్టు తిప్పి, జల్లెడ ఖాళీ కాగానే లాగడం మొదలుపెట్టడం పాత అలవాటు. అడ్డబావికి ఒక చుట్టు చాలదు. పైపు తిప్పుతూనే మూడు నాలుగు చుట్లు పట్టవచ్చు. ఆ తర్వాతా లాగుడు బరువు గీతను దాటితే డ్రిల్లర్ చెయ్యి సహజంగా ఇంకాస్త గట్టిగా లాగాలని చూస్తుంది. లాగకూడదు. ముందు కొంత దూరం వెనక్కి దింపి పైపును మేటనుంచి విడిపించి, పంపులు నెమ్మదిగా ఎత్తి, తిప్పుతూ, తూకం పెరిగి మళ్లీ పడిపోయేదాకా ఆగాలి. రిగ్గు రోజు బాడుగ నడుస్తుండగా అలా గంటల తరబడి ఆగమని చెప్పడానికి ఎవరికైనా చేతిలో తూకం, కొక్కెం బరువు, పీడనం చూపే ఆ మూడు గీతలూ ఉండాలి.